నల్లదారం తీసిన చీర

సెప్టెంబర్ 2

ఈ డైరీ కూడా కొట్టుకి దానంగా వచ్చిందే. ఏదో గ్లవ్స్ ఫ్యాక్టరీ వాళ్లు మూడేళ్ల కిందట అచ్చు వేయించుకున్నది. ఒక్క పేజీ మీదా గీత పడలేదు. పాత సంవత్సరం డైరీ ఎవరు కొంటారని చెత్తలో వేయబోయి, మనసొప్పక సంచిలో వేసుకున్నాను. వారాలు కలవవు. తేదీ ఉంచి వారం కొట్టేస్తున్నాను.

మా ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన తెలుగు మాట్లాడతాడు కానీ చదివింది తమిళ బడిలో. కాబట్టి ఇందులో ఏం రాసినా భయం లేదు.

రాయాల్సింది ఒక్కటే. ఈరోజు బోర్డు మీద ఇటుకకి రంగు రుబిని వేసింది.

సెప్టెంబర్ 3

నిన్న కోపంతో అక్కడే ఆపేశాను.

ఆ బోర్డు ఆరేళ్లుగా నాది. బంటింగ్ పసార్, అంటే బజారు, వెనక మా ఇళ్ల కొట్టు తెరిచిన మొదటి వారమే తెలుగు సంఘం సెక్రటరీ కాంతయ్య గారు దాన్ని గోడకి కొట్టించారు. బోర్డు మీద ఇల్లు బొమ్మ, బొమ్మలో వంద ఇటుకలు. జనం ఇచ్చిన పాత బట్టలు, గిన్నెలు, బల్లలు, కుర్చీలు మేం అమ్ముతాం. కొంత అమ్మకం కాగానే ఒక ఇటుకకి ఎర్రరంగు వేస్తాం. వంద ఇటుకలూ ఎర్రబడితే ఒక ఇంటికి సరిపడా చేరినట్టు. ఎస్టేటు కూలీల లైన్ల ఇళ్లు కూలగొట్టాక ఎటూ కాకుండా పోయిన మనవాళ్లకి ఆ ఇల్లు చిన్న చిన్న వాయిదాల మీద ఇస్తారు. అలా మూడిళ్లు లేచాయి. ఆ మూడు వందల ఇటుకల్లో నా చేత్తో రంగు పడనిది ఒక్కటి చూపించమనండి.

నిన్న వెనక గదిలో సంచులు విప్పుతుంటే ముందు చప్పట్లు వినిపించాయి. వెళ్లి చూస్తే రుబిని స్టూలు మీద నిలబడి ఉంది, చేతిలో నా కుంచె. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు ఫోటోలు తీస్తున్నారు. కాంతయ్య గారు కూడా చప్పట్లు కొడుతున్నారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా.

నాకు అసూయ లేదు. జరిగింది రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

సెప్టెంబర్ 6

రుబిని మాలో చేరి ఎనిమిది నెలలు. ముప్పై మూడేళ్ల పిల్ల. మొగుడు జొహోర్‌లో ఇంకో మనిషితో ఉంటున్నాడు. ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని అక్క ఇంట్లో ఉంటోంది. ఇల్లు కావాలని పేరు ఇచ్చుకున్నవాళ్లు వారానికి మూడు రోజులు కొట్టులో పని చేయాలన్నది సంఘం నియమం. అందుకే వచ్చింది. నేనూ అందుకే వచ్చాను. నేను ఆరేళ్ల ముందు వచ్చాను, అదే తేడా. మొదటి మూడిళ్లూ నాకంటే కష్టంలో ఉన్నవాళ్లకి వెళ్లాయి. అప్పుడు నేనేమీ అనుకోలేదు. అప్పటికి ఆయనకి రెండు కాళ్లూ ఉండేవి.

రుబిని ఫోను ఒక కర్రకి తగిలించి ఫేస్‌బుక్‌లో లైవ్ పెడుతుంది. తమిళం, మలాయ్, తెలుగు, అన్నీ కలిపి, ఇక్కడి అందరిలాగే చివర 'లా' తగిలించి కొడుతుంది. ఈరోజు మూత పోయిన టిఫిన్ క్యారియర్ ఎత్తి పట్టుకుంది.

"అక్కలూ, సూడండి లా! మూత లేదని దిగులెందుకు? ఒక గిన్నెలో మల్లె, ఒక గిన్నెలో కరేపాకు, ఒక గిన్నెలో తులసి. మూడు మొక్కలు, ఒకటే హేండిలు!"

మూడు నిమిషాల్లో పోయింది. ఆ క్యారియర్‌ని నేను పారేసే కుప్పలో పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద ఫోను పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ లైవే చూస్తున్నాడు.

"ఏటే మాధవీ, ఈ పిల్ల పుట్టినప్పుడు నోట్లో తేనె పోసినారా ఏటి? మూత లేని కేరియర్ అమ్మేసినాది!"

గుండె బొమ్మలు కూడా పంపాడట. ఎన్ని పంపావని అడిగాను. లెక్కపెట్టలేదన్నాడు.

సెప్టెంబర్ 9

ఈరోజు ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాం. సుగర్ వల్ల ఎడమ కాలు మోకాలి కింద తీసేసి ఏడాదిన్నర దాటింది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కింద వాటాలో ఉండే మలాయ్ అన్నదమ్ములు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసి దించారు, మోసి ఎక్కించారు. నెలకొక్కసారి ఇలా. మిగతా రోజులు కిటికీయే. ఎస్టేటులో లోరీ నడిపిన మనిషి. దించుతున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉంటాడు. ఎందుకని అడిగితే ఎండ అన్నాడు. మెట్ల మీద ఎండ ఎక్కడిది.

నాకు కావాల్సింది పెద్ద ఇల్లు కాదు. గుమ్మానికి మెట్టు లేని ఇల్లు.

సెప్టెంబర్ 16

సెలవు రోజు. కొట్టు కిటకిటలాడింది. నాలుగో ఇంటికి ఇంక పదకొండు ఇటుకలే. డబ్బు వచ్చిన కొద్దీ కడుతూ వస్తున్నారు, చివరి గోడలు మిగిలాయి. నిరుడు ఈపాటికి సగం కూడా కాలేదు. అంతా రుబిని చలవే అని కాంతయ్య గారు అందరి ముందూ అన్నారు.

ఆ పిల్ల అమ్మిన కొద్దీ నాకు రాబోయే ఇంటి గోడ లేస్తుంది. నాకు తెలుసు. తెలిసి కూడా, ఎవరైనా ఏమీ కొనకుండా వెళ్లిపోతే లోపల చల్లగా ఉంటోంది. ఈ మాట ఇంకెక్కడా అనలేను.

సెప్టెంబర్ 19

కాంతయ్య గారు మమ్మల్నిద్దరినీ పిలిచారు.

"అందరివీ చూసినాము. రెండు పేర్లే మిగిలినాయి. మాధవమ్మది, రుబినిది. కమిటీ వాళ్లు మీ ఇళ్లకి వచ్చి చూస్తారు. అక్టోబర్ పన్నెండున తేల్చేస్తాము. ఎవరికి వచ్చినా రెండోవాళ్లు బాధపడకూడదు లా."

రుబిని నా చెయ్యి పట్టుకుంది. "మీకే వస్తాది అక్కా, మీరే పెద్ద" అంది. చెయ్యి వెనక్కి తీసుకుని ఇస్త్రీ పెట్టె చూడాలన్నాను. ఇస్త్రీ పెట్టె ఎప్పుడో ఆపేసి ఉంది.

అంత మంచిగా మాట్లాడితే ఒళ్లు మండుతుంది.

సెప్టెంబర్ 24

రెండు రోజులుగా మంచి సంచులు వెనక్కి జరిపి, పనికిరానివి రుబినికి ఇస్తున్నాను. చేతులు తెగిన చొక్కాలు, రంగు పోయిన పిల్లల గౌన్లు. చొక్కాలన్నీ కట్ట కట్టి బండ్లు బాగుచేసే కొట్లకి గుడ్డపీలికలుగా అమ్మేసింది. గౌన్లు బడి నాటకానికని ఎవరో టీచరమ్మ పట్టుకుపోయింది.

ఇంక నేనేం చేయను.

సెప్టెంబర్ 27

మధ్యాహ్నం క్లాంగ్ నుంచి కారులో ఒకాయన వచ్చారు. శ్రీకుమార్ అని చీటీ మీద రాశారు. యాభై దాటిన మనిషి. పదకొండు చీరలు, కర్పూరం ఉండలు వేసి, పాత దుప్పట్లో మూటగట్టి తెచ్చారు.

"అమ్మవి" అన్నారు. "ఇంట్లో ఉంటే బీరువా తెరవలేకపోతన్నాను."

నేనేమీ అడగలేదు. చచ్చిపోయినవాళ్ల వస్తువులు తెచ్చినవాళ్లని నేనెప్పుడూ అడగను. మూట అందుకుని, మంచినీళ్లు ఇచ్చి పంపిస్తాను. అంత వయసున్న కొడుకుంటే ఆవిడ ఎనభైకి దగ్గరుండాలి. మొగుడు ఎప్పుడో పోయుంటాడు. మొగుడున్న రోజుల్లో కట్టిన చీరలు దాచుకుని ఉంటుంది.

పదకొండింటికీ నల్లదారం కుట్టాను.

ఇది నేను పెట్టిన పద్ధతి. కాంతయ్య గారికి కూడా సరిగ్గా తెలియదు. చావింటి నుంచి వచ్చిన ప్రతి చీరకీ కొంగు మూల లోపలివైపు నల్లదారంతో రెండు కుట్లు వేస్తాను. అవి మనవాళ్ల చీరల వరసలో వేలాడవు. దిండు గలీబులు కుట్టేవాళ్లకీ, నాట్యం బడి వాళ్లకీ పోతాయి. ఎస్టేటులో మా అమ్మ చచ్చిపోయినవాళ్ల గుడ్డ ఇంట్లో ఒక్క రోజు ఉండనిచ్చేది కాదు. పెళ్లికని, ఇంట్లో చేరడానికని మన కొట్టులో చీర కొనుక్కున్న పేదింటి పిల్లకి ఎవరి ఏడుపో చుట్టుకోకూడదు కదా.

అందులో ఒకటి చిలకపచ్చ పట్టు, వంకాయరంగు అంచు. ఎంత బాగుందో. దానికి కుట్టేటప్పుడు సూది ఆడలేదు.

అక్టోబర్ 4

కమిటీ వాళ్లు మా ఇంటికి వచ్చారు. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ కూర్చున్నారు. మంచిదే అనుకున్నాను, ఆ మెట్ల కష్టం వాళ్లకే తెలిసి ఉంటుంది. తీరా ఆయన ఏం చేశాడు? "మాకేటి కష్టం లేదండి, గాలి బాగా వస్తాది" అన్నాడు! పరువు. టీ కప్పులు కడుగుతూ ఏడ్చాను.

రుబిని వాళ్లింటికి నిన్ననే వెళ్లారట. పిల్లలిద్దరూ వంటింట్లో పడుకుంటారు. రుబిని బావ ఇంట్లో ఉంటే మెట్ల మీద కూర్చుని చదువుకుంటారు. పెద్దదానికి పదమూడు. ఇదంతా కాంతయ్య గారు చెప్పారు, గొంతు తగ్గించి. ఆ గొంతు తగ్గించడం చూడగానే నాకు అర్థమైపోయింది.

అక్టోబర్ 10

రుబిని వెనక గదికి వచ్చింది.

"అక్కా, ఆదివారం మీటింగుకి చీర కట్టుకెళ్లాల. నా దగ్గర అన్నీ చుడీదార్లే. మీ చెయ్యి మంచిది, మీరే ఒకటి తీసి ఇయ్యండి."

నెలకొక బట్ట మేం కొట్టులోంచి తీసుకోవచ్చు. రేపు చూస్తానన్నాను.

అక్టోబర్ 11

చిలకపచ్చ చీర ఇచ్చాను. చామనఛాయ పిల్ల, ఆ రంగు నప్పుతుంది. అందుకే ఇచ్చాను.

కొంగుకి నల్లదారం ఉంటే బాగుండదని పంటితో కొరికి తీసేశాను.

అందుకే కాదు.

అక్టోబర్ 12

ఇల్లు రుబినికి.

అక్టోబర్ 14

అసలేం జరిగిందో ఇప్పుడు రాస్తాను.

హాలులో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆ చీరలో వచ్చింది. కొంగు మూల పసుపు పెట్టుకుంది, కొత్త చీరకి పెట్టినట్టు. నేను ఆ పసుపునే చూస్తూ కూర్చున్నాను. ఎవరో విధవ ముసలమ్మ చీర, చావింటి చీర, ఇల్లు ఎలా వస్తుందో చూద్దాం అనుకున్నాను. అనుకున్నాను. రాయకపోతే అనుకోనట్టు కాదు.

కాంతయ్య గారు లేచారు. "ఆడపిల్లలున్న ఇల్లు. ముందు వాళ్లది. ఐదో ఇల్లు మాధవమ్మదే, అందులో మాట లేదు" అన్నారు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు, ఇల్లు నాకే వచ్చినట్టు. ఐదో ఇంటికి ఒక్క ఇటుక కూడా రంగు పడలేదు. నాలుగోదానికి రెండేళ్లు పట్టింది. సుగర్ మనిషి దగ్గర రెండేళ్లున్నాయో లేవో ఎవరికి తెలుసు.

రుబిని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ పట్టుచీర నా మెడకి తగిలింది. కర్పూరం వాసన ఇంకా పోలేదు.

ఇంటికి వచ్చి చెబితే ఆయన, "పోనీలే, పిల్లలున్నారు కదా" అన్నాడు. ఆ మాట నేను అనాలి. నాకు రాలేదు.

అక్టోబర్ 16



నిన్న రుబిని దీపావళి లైవ్ ఆ చీరలోనే చేసింది. ఈరోజు పొద్దున కొట్టు తెరవగానే క్లాంగ్ శ్రీకుమార్ గారు వచ్చారు. ఫోనులో చూశారట. చీర వెనక్కి అడగడానికి వచ్చారనుకున్నాను. ఆయన రుబిని ముందు నిలబడి చేతులు జోడించారు.

"మా అమ్మ ప్రతి నోముకీ ఈ చీరే కట్టేది. మా నాన్న బతికే ఉన్నారమ్మా, ఎనభై ఆరేళ్లు. అమ్మే ముందు వెళ్లిపోయినాది. ముత్తైదువుగా. నుదుట ఇంత బొట్టు, తలనిండా పూలు. మా వీధి ఆడవాళ్లందరూ వరసలో నిలబడి ఆవిడ చేతిలోంచి కుంకం తీసుకున్నారు. పేరంటాలు లాగ ఎల్లిపోయినాది. నువ్వు ఈ చీర కట్టుకుని నవ్వుతా ఉంటే నాన్నకి చూపించినాను. నిన్న రాత్రి అన్నం తిన్నారు."

రుబిని కొంగు కళ్లకి అద్దుకుంది. నేను బోర్డు దగ్గర నిలబడిపోయాను.

చచ్చిపోయినవాళ్ల గుడ్డ ఇంట్లో ఉండనివ్వని మా అమ్మ కూడా, ముత్తైదువుగా పోయిన మనిషి చీర పీలిక దొరికితే చాలని ఊయలకి కట్టుకునేది. కడుపుతో ఉన్నవాళ్లు, కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు, మంచంపట్టిన మొగుడున్నవాళ్లు, అందరూ అలాంటి చీర కోసం కాళ్లు పట్టుకుంటారు. నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అమ్మ ఎలా పోయిందయ్యా అని. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను.

పదకొండు చీరల్లో ఏరి, ఆశీర్వాదాన్ని నా చేత్తో తీసి, శాపం అనుకుని ఇచ్చాను. నేను తీసిన గోతిలో నేనే పడ్డాను, పైగా గట్టు మీద నిలబెట్టి ఆ పిల్లకి దండ వేశాను.

అక్టోబర్ 17

తప్పు చేశానని బాధ ఉండాలి కదా. లేదు. ఆ చీర నాకు కావాలి. అదొక్కటే ఉంది లోపల.

మొగుడి కాలు సగం పోయినదాన్ని నేను. మిగతా కాలికి పుండు లేచిందేమోనని రోజుకి పదిసార్లు చూసుకునేదాన్ని నేను. ముత్తైదువ చీర ఎవరికి కావాలి? ఎక్కడో జొహోర్‌లో ఇంకోదానితో తిరిగే మొగుడున్న రుబినికా, నాకా?

మిగతా పదింట్లో ఒకటి తీసుకోవచ్చని వెతికాను. వారం కిందటే నేనే నాట్యం బడి వాళ్లకి ఇచ్చేశాను. బ్లౌజులకి కత్తిరించేశారు.

అక్టోబర్ 20

దీపావళి. మురుకులు రెండు రకాలు చేశాను. కింద అన్నదమ్ముల ఇంటికి ఒక డబ్బా. రుబిని పిల్లలు వచ్చి ఆయనకి దణ్ణం పెట్టి పోయారు. మా పెళ్లినాటి చీర కట్టుకున్నాను. బాగాలేదు.

అక్టోబర్ 26

రుబిని పిలవడానికి వచ్చింది. ఇల్లు పూర్తయింది, రెండో తారీఖున ఇంట్లో చేరుతుందట. మూడంతస్తులు ఎక్కి వచ్చి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోయి, ఒకటే కాలు చూసి ఒక క్షణం ఆగి, దానికే పెట్టింది. ఆయన పెద్దగా నవ్వాడు.

"మామా, మీరు రావాల్సిందే. కొట్టుకి చక్రాల కుర్చీ వచ్చింది. అది అమ్మను. మీకోసం పక్కన పెట్టినాను."

ఆయన వస్తానన్నాడు! నేను ఏడాదిన్నరగా గుడికి రమ్మంటే రాని మనిషి.

నవంబర్ 2

ఇది పొడుగ్గా రాయాలి.

ఆయన్ని దించేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రుబిని ఇంటి ముందు ఆపాం. గుమ్మానికి మెట్టు లేదు. కాంతయ్య గారి ఇళ్లన్నీ అంతే, ముసలివాళ్లకని. ఆయన నా చెయ్యి తోసేసి, చక్రాలు తనే తిప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ముందు గది, వెనక గది, బాత్‌రూము. బాత్‌రూములో గోడకున్న కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. నిలబడి, "మాధవీ, ఇటు రాయే, సూడు" అని కేకేశాడు. పదినిమిషాలు ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. ఎవరి ఇల్లో మర్చిపోయాడు. నాకు ఆ గోడలు పీకి ఎత్తుకుపోవాలనిపించింది.

రుబిని ఆ చీరలోనే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి, నన్ను వంటింట్లోకి పిలిచింది. మేమిద్దరమే ఉన్నాం. ఇంక ఉండలేకపోయాను.

"రుబినీ, ఆ చీర నేను..."

"తెలుసక్కా." పాల వైపే చూస్తోంది. "పసుపు పెడదామని కొంగు మూల పట్టుకుంటే సూదిబెజ్జాలు కనపడినాయి. నువ్వు నల్లదారం కుట్టే చోటే. నువ్వు కుట్టడం నేను ఎన్నిసార్లు సూడలేదు?"

నువ్వు అంది. ఇన్నాళ్లూ మీరు అనేది.

"తెలిసీ ఎందుకు కట్టుకున్నావు?"

"నా పెళ్లిచీర కొత్తదే అక్కా. పెట్టెలోంచి తీసి ఇచ్చినారు, మడత కూడా విప్పలేదు ఎవరూ. దానివల్ల ఏటి ఒరిగింది?"

"కోపం రాలేదా?"

"రాకేటి? ఏడిసినాను. రాకూడదనుకున్నాను మీటింగుకి. మళ్లా, మామని కుర్చీలో దించడం ఒకసారి కింద నుంచి సూసినాను కదా, అది గుర్తొచ్చింది. నీ జాగాలో నేనైతే దారం తీసి ఊరుకుందునా? చీరకి దురదగొండాకు రాసి ఇద్దును."

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడుపు వచ్చింది. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పోయాయి. పొంగాలనే పెట్టినవి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మేం బయల్దేరేటప్పుడు రుబిని చుడీదార్ వేసుకుని వచ్చి, చీర మడతపెట్టి నా సంచిలో పెట్టింది. "నాది అయిపోయింది. ఇంక నువ్వు కట్టుకో. మా అక్క ఇంట్లో పేరంటానికి నాకు బొట్టు పెట్టడం మానేసి నాలుగేళ్లయింది. మొగుడు వదిలేసినదాన్ని కదా. ఈ చీరలో ఉంటే ఆ శ్రీకుమార్ గారు నాకు దణ్ణం పెట్టినారు. నాకు సాలు."

వద్దనలేదు నేను. ఒక్కసారి కూడా అనలేదు.

నవంబర్ 4

పొద్దున స్నానం చేసి ఆ చీర కట్టుకున్నాను. అద్దంలో చూసుకున్నాను. నాకే ఎక్కువ నప్పింది. నిజం.

ఆయన మంచం మీద నుంచి చూసి, "ఎక్కడిదే ఇది?" అన్నాడు. కొట్టుదన్నాను. "బాగున్నావు" అన్నాడు. ఎన్నేళ్లకి అన్నాడో. ఆ వెంటనే, "ఆ పిల్ల ఇంటి బాత్‌రూములో కడ్డీ ఎంత ఎత్తుంటాది?" అని అడిగాడు. నిన్న రెండుసార్లు అడిగాడు. ఈరోజు ఇది మూడోసారి.

చీర విప్పి మడతపెట్టాను.

ఇది నన్ను ముత్తైదువుగా ఉంచుతుందో లేదో నాకు తెలియదు. ఆ కడ్డీ మాత్రం ఆయన్ని నిలబెట్టింది, నా కళ్లతో చూశాను.

నవంబర్ 6

శ్రీకుమార్ గారికి ఫోను చేశాను. చీర అమ్మితే మీకు బాధా అని అడిగాను. "అమ్మ చీర ఇల్లు కడితే ఎవరు వద్దంటారు" అన్నారు. ఆవిడ పేరు అడిగి రాసుకున్నాను. పాపాయమ్మ. ఎలా ఉండేది, ఏ నోములు పట్టేది, అన్నీ అడిగాను. అరగంట చెప్పారు. ఆయనకి చెప్పాలనే ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

ఇంకమీదట అందరినీ అడుగుతాను.

నవంబర్ 8

ఈరోజు నేను లైవ్‌లో నిలబడ్డాను.

రుబిని కర్రకి ఫోను తగిలించి, "మాట్లాడక్కా" అని పక్కకి జరిగింది. చీర విప్పి కొంగు చూపించాను. దాచకుండా చెప్పాను, ఇది పోయిన మనిషి చీర అని. పాపాయమ్మ గారి గురించి చెప్పాను. బొట్టుతో, పూలతో ఎలా వెళ్లిందో చెప్పాను. ఈ నాలుగు బెజ్జాలు నా సూదివేనని, తెలియక కుట్టానని చెప్పాను. ఎందుకు పీకానో చెప్పలేదు. ఆ మాట వినాల్సినవాళ్లు అప్పటికే విన్నారు.

వేలంపాట మొదలైంది. క్లాంగ్, షా ఆలం, ఇపో, ఎక్కడెక్కడి ఆడవాళ్లో పాడుతున్నారు. అంకెలు పెరిగిపోతున్నాయి. మధ్యలో ఒక మగ పేరు కనిపించింది. సుగుమారన్. అందరికంటే పెద్ద అంకె.

మా ఆయన! మంచం మీద కూర్చుని పాట పాడుతున్నాడు! చేతిలో పైసా లేదు.

"ఏయ్! ఫోను పక్కన పెట్టు!" అని లైవ్‌లోనే అరిచాను. ఎన్ని వందల మంది విన్నారో. రుబిని కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆయన ఇంకోసారి పెంచాడు.

చివరికి ఇపోలో ఒకావిడ ఆయన్ని దాటేసింది. బతికాం.

ఒక్క చీరకి నాలుగు ఇటుకలు. ఐదో ఇంటివి మొదటి నాలుగు. రుబిని కుంచె నా చేతికి ఇచ్చింది. రెండు నేను వేసి, రెండు ఆమెని వేయమన్నాను. రెండోది వేసేటప్పుడు గీత దాటి రంగు పోసింది. చెయ్యి పట్టుకుని దిద్దాను. ఇల్లు వచ్చినవాళ్లు ఇంక కొట్టుకి రానక్కర్లేదు. శనివారాలు వస్తానని అంది. సరేనన్నాను.

నవంబర్ 9

నిన్న ఇంటికి వచ్చి ఆయన మీద పడ్డాను. ఏం పెట్టి కొందామనుకున్నావని.

"ఏదో ఒకటి లా" అన్నాడు. తల దించుకున్నాడు. "ముత్తైదువ చీర అన్నావు. నా పెళ్లానికి కాకపోతే ఇంకెవరికే అది? నా కాలు సూసుకున్నప్పుడల్లా నీ మొహం నాకు కనపడదనుకున్నావా?"

వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నన్ను ముత్తైదువుగా ఉంచాల్సింది చీర కాదు, నువ్వు" అన్నాను. "తొంభై ఆరు ఇటుకలున్నాయి. అప్పటిదాకా నువ్వు ఉండాల. ఆ ఇంట్లోకి చక్రాలు నువ్వే తిప్పుకుంటూ రావాల."

"తొంభై ఆరా" అన్నాడు. "ఆ పిల్లని వారానికి రెండు లైవ్‌లు పెట్టమను."

ఈ పొద్దున కింద అన్నదమ్ముల్ని తనే ఫోను చేసి పిలిచాడు. ఆస్పత్రి లేదు, ఏమీ లేదు. ఊరికే దిగుతాడట. దించారు. చెట్టు కింద గంటసేపు కూర్చుని వాళ్లతో టీ తాగాడు. కళ్లు మూసుకోలేదు.

ఇపో ఆవిడ ఇప్పుడే ఫోటో పంపింది, చీర అందింది, కట్టుకున్నానని. పోస్టువాళ్లు కాదు, ఇటు వచ్చిన వాళ్ల తమ్ముడు కారులో పట్టుకెళ్లి ఇచ్చాడట. మనిషి బాగానే ఉంది. పచ్చటి మనిషి, మెడలో పెద్ద హారం.

నాకే ఇంకా బాగుండేది.